ఎర్ర చుక్క

ముగ్గు అంచున మళ్లీ నల్ల సంచి.

వీధి మూలన ఇదివరకు చెత్తకుప్ప ఉండేది. మున్సిపాలిటీ వాళ్లు ఎత్తించి, కడిగించి, అక్కడ పెయింటుతో పెద్ద ముగ్గు వేయించారు. ముగ్గు మీద చెత్త పోయడానికి తమిళనాడు ధర్మపురిలో ఎవరికీ చేయి రాదని వాళ్ల నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు. సంచి ముగ్గు మీద లేదు, గీత దాటకుండా పక్కన పెట్టి ఉంది. ఎవరో మర్యాద తెలిసిన దొంగ.

వీధంతా ఆ మూల పక్కనే ఉన్న రంగసామి సారు గుమ్మం ముందు చేరింది.

సారు రిటైరైన హెడ్మాస్టరు. వీధి కమిటీకి పెద్ద. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని ఇంటింటికీ తిరిగి చెప్పింది ఆయనే. పసిపిల్లల డైపర్లు, ఆడవాళ్ల ప్యాడ్లు కాగితంలో చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టి, చెత్త బండి పొన్నుత్తాయి చేతికి విడిగా ఇవ్వాలన్నదీ ఆయనే. ఇంటికో ఎర్ర స్కెచ్ పెన్ను కూడా కొనిచ్చారు. "దీంట్లో సిగ్గేముంది? ఒళ్లు అన్నాక ఇవన్నీ ఉండేవే" అని మీటింగులో గట్టిగా చెబితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లు కూడా తలూపారు.

సోమవారం అధికారులు వచ్చి 'చెత్త లేని వీధి' అని బోర్డు పెట్టాలి. ఇంతలో ఈ సంచి. వారంగా ఇదే వరస. రోజూ చీకటితోనే నడకకు పోయే సారుకు కూడా ఆ దొంగ ఎదురుపడలేదట.

"విప్పి చూస్తాము సార్. లోపలుండేది చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది" అన్నాడు లోకనాథన్. ఆ వీధిలో బాడుగ ఇళ్లన్నీ అతనివే.

"వద్దు లోకనాథా. పొన్నుత్తాయి ఎత్తుకొని పోనీ. ఒకరింటి కుప్ప పదిమందిలో విప్పేది మర్యాద కాదు."

"మీరిట్ల మెత్తగా ఉండబట్టే తలకెక్కినారు సార్!"

నిజమే, ఈ మధ్య సారు అదివరకటి మనిషి కాదు. వీధంతా బస్సు కట్టుకుని తీర్థమలై కొండ గుడికి పోతే రానన్నారు. మీటింగులో కాఫీ ఇస్తే ముట్టరు. వీధి దిగులే ఆయన్ను తినేస్తోందని అందరూ చెప్పుకున్నారు.

లోకనాథన్ కట్టెతో సంచి చీల్చాడు. కాగితం పొట్లాలు జారి పడ్డాయి. ఒక్కోదాని మీదా ఒద్దికగా ఎర్ర చుక్క. ఒకటి విచ్చుకుంది. పెద్దవాళ్లకు కట్టే డైపరు.

కళ్లన్నీ చివరింటి వైపు తిరిగాయి. ఆ ఇంట్లో సరసమ్మ అవ్వ మంచాన పడి చాలా కాలమైంది. కోడలు మాదేశ్వరి బిల్డింగు పనికి పోతుంది. అప్పుడే టిఫిను క్యారియరుతో బయటికొచ్చింది.

"చుక్క పెట్టేది నేర్చుకొన్నావు, బండిలో వేసేది నేర్చుకోలేదా?" అంది పక్కింటి పంచవర్ణం.

మాదేశ్వరికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం నల్లబడింది.

"మాది కాదక్కా. ఆ మాదిరివి కొనేదానికి మాకు యాడ అవుతుంది? అత్తకు పాత చీరలు చించి కట్టేది. దినమూ నేనే ఉతికేది. మిద్దె మీద ఆరతా ఉండాయి, చూడండి కావాలంటే."

ఎవరూ చూడలేదు. రంగసామి సారు ఒక్కరే తలెత్తి చూశారు. తాడు మీద చీర ముక్కలు వరసగా ఆరుతున్నాయి. ఆయన తల దించుకున్నారు.

"ఈ వీధిలో మంచంలో ఉండేది మీ అత్త ఒక్కతే కదా! ఇంకెవరిది, నాదా?" అన్నాడు లోకనాథన్. "సార్, ఒక్క మాట చెప్పండి. ఈ దినమే సామాన్లు బయట పెట్టిస్తాను."

"ఏమంటా ఉండారే, మాదేశీ?" లోపలి నుంచి అవ్వ గొంతు.

"ఏమీ లేదత్తా. పండుకో."

మాదేశ్వరి క్యారియరు కింద పెట్టి సారుకు చేతులు జోడించింది. "మీరన్నా చెప్పండి సార్. అత్తను ఎత్తుకొని నేను ఏ ఇంటికి పోయేది?"

సారు చెవుల దాకా ఎర్రబడ్డారు. "వీధి మానం పోయిందని ఎంత కుమిలిపోతా ఉండారో చూడు" అని పంచవర్ణం పక్కావిడ చెవిలో అంది. ఆ క్షణాన అంతగా సిగ్గుపడుతున్న మనిషి ఆ వీధిలో ఇంకొకరు లేరు.

"ఖాళీ చేయించొద్దు" అన్నారు చివరికి. "ఏదో... జరిగిపోయింది. ఇంతటితో వదిలేయండి."

"విన్నావా? సార్ మంచితనాన బతికిపోయినావు. రేపటి నుంచి ఈ మూల ఊడ్చేది నీ పని" అన్నాడు లోకనాథన్.

మాదేశ్వరి ఇంకేమీ వాదించలేదు. ఇల్లు నిలబడింది, అది చాలు. వంగి సారు కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగారు.

"వద్దమ్మా... వద్దు."

ఆమె పొట్లాలన్నీ ఒట్టి చేతులతో ఏరి సంచిలో వేసింది. సారు చూడలేక ముఖం తిప్పుకున్నారు. మనిషంటే ఆయన, ఎంత జాలి గుండె అని చెప్పుకుంటూ జనం ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు.

రంగసామి సారు లోపలికి పోయి, స్నానాలగది తలుపు గడియ వేసుకుని, తన నడుముకున్న తడిసిన డైపరు విప్పి, కాగితంలో చుట్టి, అలవాటుగా దాని మీద ఎర్ర చుక్క పెట్టారు.