లెక్కలో లేని మూడు కడ్డీలు

"ఈ పేజీ పంపకు," అన్నాడు ప్రొఫెసర్ డుఫ్రేన్, కాగితం సగం చదివేసరికే.

టెస్సా కూర్చోలేదు. పై చదువుకు చేరబోయే ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ డిగ్రీలో చేసిన పరిశోధన గురించి ఒక పేజీ రాయాలని కొత్త యూనివర్సిటీ అడిగింది. రాద్దామని పాత నోటుపుస్తకం తెరిచింది. అప్పట్నుంచి తిండి సయించడం లేదు.

"పరిశోధన గురించి రాయమంటే, చర్చిలో పాపాలు ఒప్పుకున్నట్టు రాశావేమిటమ్మాయ్?" ఆయన తన డోనట్ విరిచి పెద్ద ముక్క ఆమె వైపు జరిపాడు. నాలుగేళ్లుగా ఆయన అంతే.

"ఇరవై నాలుగు కడ్డీలు లాగి చూశాం కదా. మూడు సగం బరువుకే పుటుక్కుమన్నాయి. యంత్రం పట్టు జారిందనుకుని వాటిని లెక్కలోంచి తీసేశాను, రిపోర్టులోనూ అలాగే రాశాను. పట్టు జారలేదు, ప్రొఫెసర్. జారితే కడ్డీ మీద గీతలు పడాలి. ఒక్క గీతా లేదని నా చేత్తో నేనే రాసుకున్నాను."

"ఆ వయసులో తప్పు చేయనిదెవరు?"

"ఆ రకం కడ్డీలకే మన నడకవంతెన వేలాడుతోంది."

కిటికీలోంచి వంతెన కనిపిస్తోంది. వేసవి శిబిరం పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా దాటుతున్నారు. ఆఖరి పిల్ల ఒడ్డెక్కేదాకా టెస్సా ఊపిరి బిగబట్టే ఉంది.

"ఇంకెవరికైనా చూపించావా?"

"మీకే. పంపితే ముందు అక్కడి ప్రొఫెసర్ హాల్వర్సన్ చేతికి వెళ్తుంది. నన్ను ఎంచుకున్నది ఆయనే. సీటు పోతే పోనీండి. వంతెనైనా మూయిస్తారు."

డుఫ్రేన్ లేచి వెళ్లి తలుపు మూశాడు. గొంతు మాత్రం ఎప్పటిలా మెత్తగానే ఉంది.

"ఆ సీటుకి రెండు వందల మంది దరఖాస్తు పెట్టారు. హాల్వర్సన్ నాకు ఫోన్ చేసి ఒక్కటే ప్రశ్న అడిగాడు."

"నా మార్కుల గురించా?"

"కాదు. ఆ కడ్డీలు తయారుచేసే కంపెనీ ఆయనదే, టెస్సా. విరిగిన మూడింటినీ లెక్కలోంచి తీసేసిన పిల్ల ఎవరని అడిగాడు."