బెత్తెడు నీళ్ళు

“రేపు పొద్దున్నే చేపల కొట్టతను వచ్చి తొట్టి పట్టుకుపోతాడమ్మా. మాటిచ్చేశాను” అన్నాడు కొడుకు, ఆఫీసు బూట్లు విప్పుతూ.

తొట్టి ముందు పీట వేసుకుని కూర్చోబోతున్న తల్లి ఆగిపోయింది. “ఎవర్నడిగి ఇచ్చావురా?”

అడగడానికేముంది అన్నాడతను. నీకు చూపు సరిగ్గా ఆనడం లేదు, మొన్న స్టూలు తన్నుకుని పడబోయావు, ఈ వయసులో గాజు తొట్టితో చెలగాటమేమిటన్నాడు. అంతగా బెంగపడితే ఎప్పుడైనా కొట్టుకి తీసుకెళ్ళి చేపల్ని చూపిస్తానన్నాడు. ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండింది. పగలంతా ఆ ఇంట్లో ఆవిడ పలకరిస్తే దగ్గరికొచ్చేవి ఆ తొమ్మిది చేపలే.

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఇవాళ నీళ్ళు మార్చే రోజు. ఎదురుగా కూర్చుని చూడు. ఒక్క తప్పు చూపించావంటే తొట్టి నేనే వాడికి అప్పగిస్తాను. చూపించలేకపోతే మళ్ళీ ఈ ఊసెత్తకూడదు.”

ఆవిడ పంతం పట్టిందంటే ఇక ఎవరి తరమూ కాదు. ఆ సంగతి కొడుక్కి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. లైటు వేసి, కుర్చీ లాక్కుని బైఠాయించాడు.

ఆవిడ ముందు ఫిల్టర్ ప్లగ్గు పీకేసింది. మోటారు గుర్రుమనడం ఆపింది. చేతులు ఉత్త నీళ్ళతోనే కడుక్కుంది, సబ్బు తగిలితే చేపలకి ప్రమాదం. గొట్టం ఒక కొస గులకరాళ్ళలోకి దించి, రెండో కొస బకెట్టులోకి వదిలింది. రాళ్ళు గలగలమన్నాయి. మురికి నీచువాసన కొడుతూ బకెట్టులోకి దిగింది. ఎడమచేతి నాలుగు వేళ్ళూ తొట్టి అంచు లోపల అడ్డంగా ఆనించి ఉంచింది. నీళ్ళు చిటికెన వేలు కిందికి జారగానే గొట్టం పైకి తీసేసింది.

“అప్పుడే ఆపేశావేం? ఇంకా బోలెడు పాతనీళ్ళున్నాయిగా” అన్నాడు కొడుకు, దొరికావన్నట్టు.

“బెత్తెడే తియ్యాలి. మొత్తం తోడేస్తే కొత్తనీళ్ళకి తట్టుకోలేక చస్తాయి. ఆ మాత్రం తెలీదు గానీ, తప్పులు పట్టడానికి తయారు.”

ఫిల్టర్లోని స్పాంజిని బకెట్టులోని మురికినీళ్ళలోనే రెండుసార్లు పిసికి బిగించేసింది. కుళాయి కింద శుభ్రంగా కడగొచ్చుగా అని అతను మళ్ళీ నోరు చేసుకున్నాడు. కుళాయి నీళ్ళలో మందు కలుపుతారని, దానికి స్పాంజిలో ఉండే మంచి క్రిములన్నీ చస్తాయని చివాట్లు పెట్టింది. అద్దం మీద గోరు పెట్టి నెమ్మదిగా లాక్కుంటూ పోయింది. కిటికీ వైపు మూలన జిగురు తగిలింది.

“అదిగో పాకుడు. చూశావా?” అని గట్టిగా చెప్పి మరీ తుడిచింది.

ఇక నిన్న పట్టి ఉంచిన నీళ్ళు పోయాలి. ఇరవై మగ్గులు. ఆరో మగ్గు దగ్గర కుర్చీ కిర్రుమంది.

“అమ్మా...”

“మాట్లాడకు, లెక్క తప్పుతుంది.”

కొడుకు మళ్ళీ నోరెత్తలేదు. వంకలన్నీ అయిపోయాయి వెధవకి అనుకుని ఆవిడ లోలోపల మురిసిపోయింది. తీరిగ్గా ఇరవై మగ్గులూ పోసింది. ఒక్క చుక్క నేల మీద పడలేదు. అంచులు తుడిచి, చిటికెడు మేత వేసి, వేలి కొస నీళ్ళలో ముంచింది. చేపలు ఒకటొకటే వచ్చి వేలు పొడిచాయి. ఎప్పటిలాగే బొద్దోడు అందరికన్నా ఆఖర్న వచ్చాడు.

“తొమ్మిదీ ఉన్నాయి” అని, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. చప్పుడు లేదు. తీసి మళ్ళీ వేసింది. ఇంత చేసీ చివర్లో దొరికిపోయానా అనుకుంది.

“మోటారు తిరగట్లేదేంట్రా? సరిగ్గానే బిగించానే!”

“మోటారుకేం కాలేదమ్మా” అన్నాడు కొడుకు. “కరెంటు పోయి పావుగంటయింది. ఇల్లంతా చిమ్మచీకటి. నా చెయ్యి నాకే కనబడట్లేదు.”

తువ్వాలు పట్టుకున్న ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తడి చేతులు రెండూ శుభ్రంగా తుడుచుకుని, గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

“నాకు ఈ చీకటి నాలుగు నెలల నుంచీ ఉందిరా. ఒక్క చేపైనా చచ్చిందా?”