ఎటు కూర్చుంటే ఏముంది

పిలిస్తే మా ఆవిడకు నిజంగా వినపడదా, విననట్టు ఊరుకుంటుందా అన్న అనుమానం నాకు ఏళ్లుగా ఉంది.

స్పీకర్ల షాపులో మా ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టారు. ఎదురుగా నడుమెత్తు స్పీకర్ల జత. షాపతను ముందు ఎడమవైపుది ఒక్కటే మోగించాడు.

"ఎటునుంచి వస్తోందమ్మా?"

ఆమె ఎడమవైపు చూపించింది. అది ఆపి కుడివైపుది మోగించాడు. మళ్లీ ఎడమవైపే చూపించింది.

"ఆవిడ ధ్యాస ఎక్కడో ఉంటుంది. ఇంట్లోనూ ఇంతే," అన్నాను.

"ధ్యాస ఇక్కడే ఉంది. చిన్నప్పట్నుంచీ నాకు కుడిచెవి వినపడదు," అంది ఆమె.

"చెప్పలేదేం?"

"పెళ్లయిన కొత్తలో, ఇటుపక్కకి వచ్చి కూర్చోండి అన్నాను. ఎటు కూర్చుంటే ఏముందని కసిరారు. మళ్లీ అడగలేదు."

రోజూ సాయంత్రం దేవుడి పటం ముందు ఆమెకు కుడిపక్కనే కూర్చుని, చిన్న గొంతుతో పారాయణ చేస్తాను.

"మరి తల ఊపేదానివి?"

"మీరు ఆగినప్పుడల్లా ఊపేదాన్ని."

ఆమె మీద విసుక్కుని, ఆ వెంటనే దేవుడికి దండం పెట్టుకున్న సాయంత్రాలు గుర్తొచ్చాయి.

"నాకోసమైతే జత దండగ బాబూ, ఒకటి చాలు," అంది షాపతనితో నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. లేచి, చుట్టూ తిరిగి వెళ్లి ఆమెకు ఎడమపక్కన కూర్చున్నాను.

"ఇవి తీసుకుందామా?"

"అంత గట్టిగా ఎందుకండీ," అంది. "వినపడుతోంది."