అతుక్కుపోయిన రిలే

"మళ్ళీ లైటు ఆర్పలేదు కదూ నాన్నా! అందుకే నిన్ను బండి నడపొద్దన్నది," అన్నాడు రుఫీనో. కదలని క్యాంపర్ వ్యాను చుట్టూ నిలవలేక తిరుగుతున్నాడు.

"ఆర్పానురా," అన్నాడు ఎవారిస్తో, పటగోనియా గాలికి వీపు తిప్పి మాతే టీ గొట్టంతో పీలుస్తూ.

రుఫీనో మీటరు పెట్టాడు. ఇంజను బ్యాటరీ, ఫ్రిజ్ బ్యాటరీ ఒకే అంకె చూపించాయి. ఇంజను ఆగగానే వాటిని విడదీయాల్సిన రిలే స్విచ్చి అతుక్కుపోయింది. ఫ్రిజ్ రాత్రంతా రెండింటినీ తాగేసింది.

"లైటు కాదు నాన్నా."

"మతిమరుపని డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్ళావు."

రుఫీనో రిలే తీగ విప్పి, పక్కన ఆగి ఉన్న లారీ బ్యాటరీతో ఇంజను లేపాడు. తర్వాత డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకున్నాడు.

"నువ్వే నడుపు."

ఎవారిస్తో ఎక్కి, పక్కన కూర్చున్న కొడుకు వైపు చూశాడు.

"బెల్టు పెట్టుకో. మర్చిపోతావు."