చూడనని ఒట్టు

ఫోను టింగుమనగానే ప్రసన్న చేతిలోని దోసె ముక్క కంచంలో పడిపోయింది. తెర ఎవరికీ కనబడకుండా ఫోను బోర్లించి, కడుపు నిండిందంటూ లేచిపోయింది. తిన్నది రెండు ముక్కలు.

ఇలా జరగడం ఇది నాలుగో రోజు.

పూజిత ఆ ఇంటికి కోడలిగా వచ్చి పన్నెండు రోజులయింది. ఈ పన్నెండు రోజుల్లో ఆమెకు నచ్చనిదంటూ లేదు. తణుకులో పొద్దున్నే గాలిలో తేలి వచ్చే చెరకు వాసన నచ్చింది. మామగారి స్టీలు సామాన్ల కొట్లో భర్త మహేంద్ర స్వయంగా ఆమె పేరు చెక్కి తెచ్చిన గ్లాసు మరీ నచ్చింది. కాఫీ నుంచి మజ్జిగ దాకా అన్నీ అందులోనే తాగుతోంది. అన్నిటికన్నా నచ్చింది ఆడపడుచు సాయిప్రసన్న. పెళ్ళిపందిట్లో వచ్చి చెయ్యి పట్టుకుని, ఇంటికొచ్చేదాకా వదలని పిల్ల.

ఆ పిల్ల ఇప్పుడు తన మొహం చూడటమే మానేసింది.

పైగా చిత్రమైన పనులు చేస్తోంది. మొన్న, మెమరీలో ఖాళీ లేదంటూ పూజిత ఫోన్లోంచి ఇన్‌స్టా తీసేసింది. నిన్న పూజిత క్యారేజీ పట్టుకుని కాలేజీకి వస్తానంటే, వద్దంటే వద్దని గుమ్మానికి అడ్డం నిలబడింది. ఈ రోజు అసలు కాలేజీకే వెళ్ళనంది. సోమవారం నుంచి ఇంటర్ ప్రాక్టికల్స్. రికార్డు మీద సంతకాలకి ఈ శనివారమే ఆఖరు. సంతకం లేకపోతే పరీక్షకి రానివ్వరు. రెండేళ్ళ చదువు అక్కడే ఆగిపోతుంది.

"ఫోను లాక్కుంటే సరి, అన్నీ అవే కుదురుకుంటాయి," అన్నాడు మహేంద్ర చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"ఫోను మన చేతికొస్తుందండి. పిల్ల మాత్రం ఇంకెప్పుడూ మన దగ్గరికొచ్చి ఏదీ చెప్పదు."

కొట్టుకి వెళ్ళి అరగంట ఆగి తిరిగి వస్తానని అతను బయల్దేరాడు. పూజిత మాత్రం కాలు నిలవక వంటింటికీ హాల్లోకీ తిరుగుతూనే ఉంది. డిగ్రీ హాస్టల్లో ఆమె పక్క మంచం లావణ్య అచ్చం ఇలాగే అన్నం మానేసింది, ఫోను మోగితే ఉలిక్కిపడింది, చివరికి చెప్పాపెట్టకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఎవరో లావణ్య ఫోటోల కింద వెకిలి రాతలు రాసేవారు. అవి చదివి నవ్వినవాళ్ళలో పూజిత కూడా ఉంది.

ఇంక ఆగలేక మేడ మెట్లెక్కింది. ప్రసన్న నీళ్ళ ట్యాంకు నీడలో ముడుచుకుని కూర్చుంది. పూజిత ఏమీ అడక్కుండా పక్కన చతికిలబడింది. కాసేపటికి ఆ పిల్లే నోరు విప్పింది.

"మీరు చూడనంటేనే చెప్తాను వదినా. ఒట్టెయ్యండి."

వేసింది.

అన్నవరం నుంచి తిరిగొస్తూ కార్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫోటో ఒకటి, ముద్దొస్తోందని స్టేటస్‌లో పెట్టిందట. క్లాసులోని దుర్గాసాయి, ఇంకో ఇద్దరు కలిసి దాన్ని స్టిక్కర్ చేశారు. క్లాసు గ్రూపులో గుడ్ మార్నింగ్‌కి అదే, లెక్చరర్ రాకపోతే అదే. ఆ తరవాత అక్కడా, ఇన్‌స్టాలోనూ మాటలు మొదలయ్యాయి. రంగు, పళ్ళు, దేన్నీ వదల్లేదు. ఆపమని బతిమాలితే మరీ రెచ్చిపోయారు.

ఇంత చక్కని పిల్లకి వంకలెలా దొరికాయో పూజితకి అంతుపట్టలేదు.

"పెట్టింది నేనే. తప్పు నాదే," అంది ప్రసన్న.

"పెట్టడం తప్పు కాదు, నిద్రపోవడమూ తప్పు కాదు. నన్నలా తీస్తే నేనే నలుగురికీ చూపించి నవ్వుకుందును."

ప్రసన్న ఆమె వైపు అదోలా చూసింది. "వాళ్ళు రాసినవి చదివితే నవ్వలేరు వదినా."

ఇంక ఒక్క జవాబు కూడా ఇవ్వొద్దంది పూజిత. కోపమొచ్చినా ఏదీ చెరిపెయ్యొద్దంది. ఎవరు ఎప్పుడు రాశారో కనబడేలా అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయించింది. ఒట్టు వేసింది కనుక తాను మాత్రం పిట్టగోడ వైపు తిరిగి కూర్చుంది. ముప్పై ఏడు వచ్చాయి. తరవాత ముగ్గురి మీదా రిపోర్ట్ కొట్టించి, బ్లాక్ చేయించింది. క్లాసు చూసే లెక్చరర్ పల్లంరాజు గారికి తనే ఫోన్ చేసింది. పిల్లలు సరదాకి చేసుంటారమ్మా అన్నారాయన.

"సరదాకైతే మా అమ్మాయి నాలుగు రోజులు అన్నం మానదండి. తీసుకొస్తున్నాను, మీరే చదవండి."

కాలేజీ దగ్గర స్కూటీ దిగగానే, లోపలికి రావద్దని ప్రసన్న మరీ మరీ చెప్పి, ఫోనూ రికార్డూ గుండెకి హత్తుకుని వెళ్ళింది. పూజిత గేటు బయట అటూ ఇటూ తిరిగింది. గడియారం చూసింది, మళ్ళీ చూసింది. గేట్లోంచి వస్తున్న ఇద్దరమ్మాయిలు ఆమెని చూసి ఆగి, మోచేత్తో పొడుచుకుని, నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. కొత్త పెళ్ళికూతుర్ని కదా, చూస్తారులే అనుకుని, నల్లపూసలు సర్దుకుని వాళ్ళకేసి చిన్నగా నవ్వింది.

ముప్పావుగంటకి పల్లంరాజు గారు ఒక్కరే బయటికొచ్చారు. ఫోన్లో సరదా అన్నందుకు ముందు ఆయనే నొచ్చుకున్నారు. ముగ్గురూ ఒప్పుకున్నారట, అన్నీ ఎక్కడివక్కడ తీసేశారట, ప్రిన్సిపాల్ గారు ఇళ్ళకి కబురు పెట్టారట. ప్రసన్న ల్యాబులో సంతకాలు చేయించుకుంటోందట. పూజిత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"రేపు పిల్లల్ని తీసుకుని వాళ్ళ పెద్దవాళ్ళు మీ ఇంటికొస్తారమ్మా, క్షమాపణ చెప్పిస్తారు."

"ఇంటిదాకా ఎందుకండి? ప్రసన్న ఇక్కడే ఉంది కదా, తనకి చెప్పమనండి చాలు."

పల్లంరాజు గారు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, చప్పున చూపు దించుకున్నారు.

"ఫోటోలో ఉన్నది మీరే కదమ్మా."