అడుగున పేరున్న గిన్నె

మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో, చనిపోయిన ఒక ముసలావిడ ఇంటి సామాను అమ్మేస్తుంటే వెండెల్ కొన్నాడు ఆ గిన్నెలు కడిగే మెషీన్. డెబ్బై ఏళ్ల నాటిది. మూడు నెలలు తుప్పు గీకి, రబ్బర్లు మార్చి, రంగు వేసి, ఇవాళే వంటింట్లో సింకు పక్కన బిగించాడు.

రాత్రి భోజనాలయ్యాక భార్య లవర్న్ రెండు పళ్లేలు, రెండు కప్పులు అందులో పెట్టింది.

"నా పింగాణీ పగిలిందో, నువ్వూ ఈ మెషీన్‌తోపాటే గ్యారేజీలో పడుకుంటావ్," అంది.

"ముందు దాన్ని తిరగనియ్యవే తల్లీ," అని నవ్వి, పైపు కారుతుందేమో చూడటానికి వెండెల్ కింది సెల్లార్‌లోకి దిగాడు.

మెషీన్ గురగురలాడి ఆగింది. ఆగిన కాసేపటికి లోపల గాజు సామానేదో టంగుమంది.

లవర్న్ మూత ఎత్తింది. పళ్లేల పక్కన తమది కాని గాజు గిన్నె. ఇదెక్కడిదబ్బా అని తిరగేసి చూసింది. అడుగున అంటించిన కాగితప్పట్టీ తడవనే లేదు. దాని మీద 'ఆర్డిస్' అని ఎదురింటావిడ చేతిరాత. గిన్నె తిరిగి రావాలని ఆ ఊళ్లో అందరూ అలా పేరు అంటిస్తారు. కానీ ఆర్డిస్ ఈ గిన్నెను బయటికి తీసేది చావింటికి వంట పట్టుకెళ్లడానికే.

ఎవరింటికి పట్టుకెళ్లిందో అనుకుంటూ లవర్న్ కిటికీలోంచి చూసింది. ఆర్డిస్ తల వంచుకుని రోడ్డు దాటి ఇటే వస్తోంది. ఆమె రెండు చేతులతో పట్టుకున్నది ఇదే గిన్నె, వేడి వంటతో పొగలు కక్కుతూ.

"వెండెల్?" అంది లవర్న్, సెల్లార్ మెట్ల వైపు తిరిగి.

కింద నీళ్లు కారుతున్న చప్పుడొక్కటే వినిపించింది.