గువ్వ గుడ్డు

ఇను బంగారూ, మీ తాతుంటే ఆయనే చెప్పేవోడు.

ఒక గువ్వకి మొగుడు సచ్చిపోయాడు. గుడ్డునొదిలేసి, "నా మావ యాడికి పోయాడు?" అని ఏడస్తా ఉంది. గుడ్డు సల్లబడతా ఉంది.

"పుట్టిందేదీ నిలవదే పిల్లా, ఆలోచించు," అన్నాడు తాబేలు తాత.

"ఆలోచనెందుకు? దేవుడికి దణ్ణం పెట్టుకో తల్లీ," అన్నాడు కొంగ సామి. ఇద్దరూ కొట్లాటకి దిగారు.

కథలు చెప్పే చిలకొచ్చి, "వదినా, అన్న ఎట్టాంటోడో చెప్పు, కథ కడతా," అంది.

"నా వంతు అవకముందే నన్ను లేపి, గుడ్డు మీద తను కూకునేవోడు," అని నవ్వింది గువ్వ. అంటానే పోయి గుడ్డు మీద కూకుంది.

"నేను చెప్పిందీ ఇదే," అన్నాడు తాబేలు.

"నేనూ ఇదేగా," అన్నాడు కొంగ.

"ఉష్, అరవబాకండి," అంది గువ్వ. "లోపల కదలతా ఉంది."